నా నంబరుకు వచ్చిన కిడ్నీ జబ్బు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మందుల షాపుకు వెళితే డబ్బు కంటే ముందు ఫోన్ నంబరు అడుగుతారు. గత వేసవిలో మా మేనమామ మందుల చీటీ పట్టుకుని వెళ్లాను. ఆయనది వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానం కొబ్బరితోటల నడుమ ఊరు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ నాలుగు దాటింది. "బిల్లుకు నంబరు కావాలి మాస్టారూ" అన్నాడు కుర్రాడు. చెప్పాను. పది రోజులు తిరక్కుండా ఒకామె ఫోన్ చేసి, కిడ్నీ రోగుల కోసం తయారుచేసిన ప్రొటీన్ పొడి ఉంది, ఇంటికే పంపిస్తామంది. నాకు కిడ్నీ జబ్బు లేదు. నా నంబరుకు మాత్రం వచ్చేసింది.

సమాచారం షాపులో కారిందో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కారిందో, మరెక్కడో, పట్టుకునే దారి మామూలు మనిషికి లేదు. విచిత్రమేమిటంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సరిగ్గా ఈ సన్నివేశాన్నే ఉదాహరణగా రాసుకుంది. ఏడో సెక్షన్ కింద చూడండి: ఒకామె మందుల షాపులో కొని, రసీదు ఫోన్‌కు పంపమని నంబరు ఇస్తుంది; షాపు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. అంతే. ప్రొటీన్ పొడి మాట అందులో లేదు. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు.

అయితే ఇలాంటి వివరాలు ఏరి అమ్ముకునే డేటా మైనింగ్‌లో అసలు సొమ్ము నా నంబరులో లేదు, చీటీ రాసిన డాక్టరు పేరులో ఉంది. ఏ డాక్టరు ఏ కంపెనీ మందు ఎన్నిసార్లు రాస్తున్నారో తెలిస్తే, బ్యాగు పట్టుకుని వచ్చే మెడికల్ రెప్రజెంటేటివ్‌కు ఎవరి గదిలో ఏం మాట్లాడాలో ముందే తెలిసిపోతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2007లో దీన్ని ఆపాలని చూసింది. డాక్టరు ఒప్పుకోకపోతే ఆ వివరాలను మార్కెటింగ్ కోసం అమ్మకూడదు, వాడకూడదు అంది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. సమాచారాన్ని సేకరించి పంచడం కూడా వాక్కే అన్నది తీర్పు సారం. అంతకుముందు ఇలాంటి మరో రాష్ట్ర చట్టం కేసులో ఒక అప్పీలు కోర్టు మాత్రం ఈ డేటా ఎండబెట్టిన మాంసం ముక్కలాంటి సరుకేనని, సరుకును నియంత్రిస్తే వాక్ స్వాతంత్ర్యానికి వచ్చిన నష్టం లేదని చెప్పింది. పలాస జీడిపప్పు బస్తా చూస్తూ పెరిగినవాడిగా నా ఓటు ఆ ఎండు మాంసానికే. తూకం వేసి, గ్రేడు కట్టి, కిలో ఇంతని అమ్మేదాన్ని సరుకు అనక ఏమంటాం?

మన రాజ్యాంగంలో ఈ వాదనకు చోటుంది. 1960లో హమ్దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు మందుల ప్రకటనను వాక్ స్వాతంత్ర్యం కిందికి రానివ్వలేదు. 1995లో టాటా ప్రెస్ కేసులో, అదీ ఒక టెలిఫోన్ డైరెక్టరీ తగాదాలో, వాణిజ్య ప్రకటన కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనంది. వాక్కును అదుపు చేయాలంటే రాజ్యాంగంలోని 19(2) అధికరణలో రాసిన కారణాలే చూపాలి; 'ప్రజాప్రయోజనం' ఆ జాబితాలో లేదు. వ్యాపారాన్ని అదుపు చేయడానికి మాత్రం 19(6)లో ఆ మాట స్పష్టంగా ఉంది. కాబట్టి డేటా అమ్మకాన్ని వ్యాపారంగా చూస్తామా, మాటగా చూస్తామా అన్నదానిమీదే మన కోర్టుల్లో రేపటి గెలుపోటములు ఆధారపడతాయి. కంపెనీల వకీళ్లు ఏ వైపు నిలబడతారో చెప్పనక్కరలేదు.

పేర్లు తీసేశాంగా అన్నది రెండో సాకు. మనిషిని గుర్తుపట్టగలిగితేనే అది వ్యక్తిగత డేటా అని చట్టం అంటుంది. ఉద్దానంలో ఇది నిలవదు. ఫలానా ఊరు, 52 ఏళ్ల మగమనిషి, వారానికి రెండు ఎరిత్రోపోయిటిన్ (కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి ఇచ్చే మందు) ఇంజక్షన్లు. ఈ మూడు ముక్కలు చాలు, ఆ ఊరి టీ కొట్టు దగ్గర పేరు చెప్పేస్తారు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే ఆ పేరు బయటపడటం ఎంత బరువో ఇక్కడివాళ్లకు తెలుసు. మనిషిని వదిలేసి పిన్‌కోడ్‌ను పట్టుకుని బీమా ప్రీమియం పెంచారనుకోండి, ఫిర్యాదు చేయడానికి చట్టం దృష్టిలో బాధితుడే ఉండడు.

అలాగని డేటానే వద్దనలేం. ఉద్దానం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. తేలాలంటే ఈ వివరాలన్నీ పరిశోధకులకు కావాలి. వెర్మాంట్ చట్టం చేసిందీ అదే: పరిశోధకుడికి తలుపు తీసి, అమ్మేవాడికి మూసింది. ఆ తేడాయే వివక్ష అని అమెరికా కోర్టు తప్పుపట్టింది. నా దృష్టిలో చట్టంలో మెచ్చుకోదగిందే ఆ తేడా. మన చట్టం 250 కోట్ల దాకా జరిమానా రాసింది కానీ అది ప్రభుత్వ ఖజానాకు, అంటే సంచిత నిధికి పోతుంది, మా మామకు పైసా రాదు. 2011 నాటి నియమాల్లో వైద్య సమాచారానికి 'సున్నితమైనది' అన్న ప్రత్యేక హోదా ఉండేది. కొత్త చట్టంలో అదీ లేదు.

మొన్న మళ్లీ అదే షాపుకు వెళ్లాను. నంబరు ఇవ్వనన్నాను. పది అంకెలు పడందే కంప్యూటర్ ముందుకు కదలదన్నాడు కుర్రాడు. ఒక క్షణం ఆలోచించి తొమ్మిదిని పదిసార్లు నొక్కాడు. బిల్లు వచ్చింది. "అందరికీ ఇదే కొడతానండీ" అని నవ్వాడు. ఎక్కడో ఒక కంప్యూటర్ లెక్కలో, కాశీబుగ్గలో ఒకే ఒక్క మనిషి బీపీ, షుగరు, కిడ్నీ, దగ్గు మందులన్నీ రోజూ మింగుతూ బతుకుతున్నాడు.