నవల చదివితే ఇల్లు కూలుతుందా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘తల్లిదండ్రులారా, మేలుకోండి’ అని మొదలవుతుంది. యంగ్ అడల్ట్ నవలల (టీనేజీ పిల్లల కోసం రాసేవి) పేరుతో వస్తున్న ఇంగ్లీషు పుస్తకాలు మన పిల్లల్ని ఇంటికి కాకుండా చేస్తున్నాయట. వాటిలో అమ్మానాన్నలు చచ్చిపోయైనా ఉంటారట, లేదా దుర్మార్గులైనా అయి ఉంటారట. ‘నేనెవరు’ అనే ప్రశ్న పడమటి దేశాల రోగమట. ఇంటిపేరు, గోత్రం, ఊరు ఉన్న మన పిల్లలకు ఆ ప్రశ్నతో పనే లేదట. ఒడిశాలో ఉన్న మనవాళ్లు తెలుగు మరిచిపోతున్నదీ ఈ నవలల వల్లేనట. కాబట్టి నీతికథలు తప్ప మరేమీ చదవనివ్వకండి, సంచులు వెతకండి అని ముగింపు.

రాసిన మహానుభావులు పేరు పెట్టలేదు. దీన్ని నాకు పంపిన పిన్నులూ పెదనాన్నలూ మాత్రం పిల్లల మీద బెంగతోనే పంపారు. ఆ బెంగను నేను ఎగతాళి చేయను. సందేశాన్ని మాత్రం ఊరికే వదిలిపెట్టలేను, ఎందుకంటే బరంపురంలో పిల్లలకు తెలుగు చెబుతూ, చదివి ఇచ్చేయమని పుస్తకాలు ఇస్తూ ఉంటాను. వాళ్ల సంచుల్లోకి ఆ నవలలు వెళ్లేది కొంతవరకు నా బీరువా నుంచే.

అమ్మానాన్నల సంగతితో మొదలుపెడదాం. ఈ తరహా నవలలకు దారి వేసిందని అందరూ చెప్పే ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో వచ్చింది. ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూలు చదువుతుండగా రాసింది. అందులో తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయిన మాట నిజమే. మిగిలింది ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళ్లి, తమ్ముళ్లిద్దరినీ సాకుతాడు. ఏ చిన్న తప్పు జరిగినా ప్రభుత్వం వచ్చి తమ్ముళ్లను అనాథాశ్రమంలో వేస్తుందన్న భయం వాళ్లను పుస్తకం పొడవునా వదలదు. ఇల్లు ఎక్కడ చెదిరిపోతుందోనని పద్నాలుగేళ్ల పిల్లవాడు వణికిపోయే కథ ఇంటికి వ్యతిరేకమైనది ఎలా అయింది? నాన్న పోతే చదువు మానేసి సంసారాన్ని నెత్తిన వేసుకున్న పెద్దన్నలు మన వీధుల్లో లేరా?

2008లో వచ్చిన ‘ది హంగర్ గేమ్స్’ పేరు సందేశంలో ప్రత్యేకంగా ఉంది, పిల్లలు పిల్లల్ని చంపుకునే పుస్తకం అని. చంపుకోవడం ఉంది. అయితే ఆ కథ కదిలేదే ఆ చంపుకునే పోటీకి వెళ్లాల్సినవాళ్ల చీటీలో చెల్లెలి పేరు వస్తే, ఆమెకు బదులుగా అక్క ముందుకు రావడంతో. ఆ ఒక్క పని తీసేస్తే నవలే లేదు.

పెద్దవాళ్లను పక్కకు తప్పించే అలవాటు ఈ నవలలకు ఉందని ఒప్పుకుంటాను. నాన్న పక్కనే ఉంటే పదిహేనేళ్ల పిల్ల యుద్ధానికి ఎలా వెళ్తుంది? ముందు అన్నం తినమంటారు, తరువాత పరీక్షలు దగ్గర పడ్డాయంటారు, కథ అక్కడితో సరి. మన పురాణకర్తలకు ఈ కిటుకు తెలియదా? ధ్రువుణ్ణి అడవికి తరిమింది సవతి తల్లి మాట. రాముణ్ణి పంపింది కన్నతండ్రి ఇచ్చిన మాట. ప్రహ్లాదుడి నాన్నగారి పెంపకం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇవి విన్న పిల్లలెవరూ ఇల్లు విడిచి పారిపోలేదు. అమ్మ పాత్ర ‘వద్దు’ అనడానికే పుట్టినట్టుండే చెత్త నవలలు కూడా ఉన్నాయి, బోలెడు ఉన్నాయి. వాటిని నేను ఇవ్వను. చెత్త తెలుగు నవలలూ ఇవ్వను.

ఇక అసలు విషయం. ఇంటిపేరు, గోత్రం, ఊరు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అంటున్నారు.

ఇంటిపేరునే తీసుకోండి. మనకు అది ముందు వస్తుంది, ఒడియావారికి చివర వస్తుంది. బడిలో చేర్చే రోజున గుమస్తా మన ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించి, పేరు చివర ఉన్న ‘రావు’నో ‘రెడ్డి’నో ‘పాత్రో’నో ఇంటిపేరు గడిలో వేస్తాడు. తండ్రి కాగితాల్లో ఒకటి, కొడుకు కాగితాల్లో ఇంకొకటి, వేరే బడిలో చేరిన కూతురికి మూడోది. పదో తరగతి సర్టిఫికెట్‌కూ ఆధార్‌కూ పొంతన కుదరక, ఒకే తండ్రి బిడ్డలమని అఫిడవిట్ రాయించుకున్న కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు. ‘నువ్వెవరు’ అన్న ప్రశ్న ఆ పిల్లలకు ఏ ఇంగ్లీషు నవలా నేర్పలేదు. నోటరీ దగ్గర వరుసలో నిలబడి నేర్చుకున్నారు.

గోత్రం సంగతి ఛాందోగ్యోపనిషత్తును అడగండి. గురువు దగ్గరికి వెళ్లబోతూ సత్యకాముడు తల్లిని గోత్రం అడుగుతాడు. పలు ఇళ్లలో పనిచేస్తూ నిన్ను కన్నాను, నీ గోత్రం ఏదో నాకు తెలియదు, నా పేరు జబాల కాబట్టి సత్యకామ జాబాలుణ్ణని చెప్పుకో అంటుంది తల్లి. అతడు ఆ మాటే గౌతముడి ముందు ఉన్నదున్నట్టు చెబుతాడు, శిష్యుడవుతాడు. కుర్రవాడు, తల్లి, తానెవరన్న ప్రశ్న: మూడూ ఉన్నాయి. పడమటి గాలి అప్పటికే వీచిందా? దగ్గరి కాలానికి వస్తే, 1940ల నాటి బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’లో దయానిధిని పుస్తకమంతా వెంటాడేది తల్లి గురించి లోకం అనే మాటలే. అది పిల్లల పుస్తకం కాదు, నిజమే. కానీ ఇల్లూ తానూ అన్న మెలికను మనం ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదని చెప్పడానికి అది చాలు.

గోత్రం దగ్గరే మరొక చిక్కు ఉంది. దాని గురించి మన ఇళ్లలో ఎవరూ పిల్లలతో కూర్చుని మాట్లాడరు. మేనత్త కొడుకు మనకు బావ. ఒడియా ఇళ్లలో అతడు అన్నదమ్ముల లెక్క, పెళ్లి మాట తలచుకోవడమే తప్పు. పదహారేళ్ల తెలుగు అమ్మాయి ఇంట్లో పెళ్లి జరుగుతోందనుకోండి. ఒడియా స్నేహితురాలు భోజనానికి వచ్చింది. నాయనమ్మ నవ్వుతూ, ‘దీన్ని బయటికి ఎందుకు ఇస్తాం, మా అమ్మాయి ఇంటికే కోడలు’ అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు మురిసిపోతారు. స్నేహితురాలి చేతిలో ముద్ద ఆగిపోతుంది. మర్నాడు తరగతిలో అడుగుతుంది, మీలో అన్నను చేసుకుంటారా అని. ఆ ప్రశ్నలో ద్వేషం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్లిన అమ్మాయి అదే బావను, నిన్నటిదాకా సైకిలు మీద ట్యూషన్‌కు దింపినవాణ్ణి, రెండు జతల కళ్లతో చూస్తుంది. గోత్రాన్ని అడిగితే అభ్యంతరం లేదంటుంది, ఎందుకంటే మేనత్త గోత్రం మారిపోయింది. బడిని అడిగితే ఛీ అంటుంది. సైన్సు మాస్టారు దగ్గరి సంబంధాల వల్ల వచ్చే జబ్బుల గురించి మూడో మాట చెబుతారు. నాయనమ్మ అంటే ప్రాణం. ఇప్పుడు ఆ పిల్ల ఏం చేయాలి? సందేశం రాసినవారు మాకు గోత్రం ఉంది చాలు అంటున్నారు. ఆ పిల్ల చిక్కుకున్నదే ఆ గోత్రం దగ్గర.

ఇలాంటి చోట నవల చేసే పని చిన్నదే. జవాబు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. ఇంకొకరు ఇలాగే నలిగారని చూపిస్తుంది. 2017లో వచ్చిన యాంజీ థామస్ నవల ‘ది హేట్ యు గివ్’లో స్టార్ అనే నల్లజాతి అమ్మాయి ఉంది. ఆమె బస్తీ ఒకటి, తెల్లపిల్లలు నిండిన ఖరీదైన బడి ఇంకొకటి. బడి గేటు దాటగానే మాట తీరు మార్చేస్తుంది, ఇంటికి రాగానే మళ్లీ మారుస్తుంది. చిన్ననాటి స్నేహితుణ్ణి పోలీసు కాల్చడం కళ్లారా చూశాక తనలోని ఆ ఇద్దరు మనుషుల్నీ విడివిడిగా నడపడం ఆమె వల్ల కాదు. అమ్మానాన్నలు ఇద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరూ మంచివాళ్లే, పిల్లల కోసం తమలో తాము వాదించుకుంటారు కూడా. అన్ని నవలల్లోనూ తల్లిదండ్రులు శవాలో శత్రువులో అన్నవారు ఈ పుస్తకం అట్టైనా తెరవలేదని తెలిసిపోతోంది.

మూడోది ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది, దాని జమీందారీలో చాలా భాగం మద్రాసులోనే ఉండిపోయింది. వాడుక భాష కోసం పోరాడి, సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టిన గిడుగు రామమూర్తి దశాబ్దాలు గడిపిన ఊరు అది. ఆ మార్పు ఇష్టం లేక ఆయన ఇల్లు వాకిలి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఈనాటికీ పర్లాకిమిడి తెలుగు పిల్లవాడు పక్కనున్న పాతపట్నం చుట్టాలింటికి వెళితే ‘ఒడిశా వాడు’, తిరిగి బడికి వస్తే ‘తెలుగు వాడు’. ఊరు చెబితే తేలిపోయే విషయమైతే గిడుగువారికే తేలి ఉండేది.

భాష పోవడానికి నవలలే కారణమన్న ఆరోపణ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. రాయగడ నుంచి వచ్చి ఇక్కడ ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి స్టార్ కథ తిరిగి ఇచ్చినప్పుడు, బడి గేటు దగ్గర మాట మార్చే పేజీలో అంచున పెన్సిలుతో ఏదో రాసి ఉంది. అక్షరాలు ఒడియావి. కూడబలుక్కుని చదివితే తెలుగు: ‘నేను కూడా ఇంతే, అమ్మకు తెలియదు.’ ఆ పిల్ల తెలుగు మరిచిపోలేదు. ఆమెకు తెలుగు అక్షరాలు ఎవరూ దిద్దబెట్టలేదు, అంతే. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. మన ప్రాంతంలో తెలుగు బడులు ఒక్కొక్కటిగా పలచబడుతుంటే, మన పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి మార్చింది మనమే. ఫీజు కట్టినప్పుడు పోని తెలుగు, నవల తెరవగానే పోయిందా? రెండు భాషలూ చదివిన తరం మన కళ్ల ముందే ఉంది. ఇంట్లో చందమామ, ఎదురింట్లో దాని ఒడియా సంచిక జహ్నమాము. పిల్లలు రెండిళ్లలోనూ కూర్చుని రెండూ నమిలేసేవారు. 2010ల మొదట్లో చందమామ ఆగిపోయింది. దాన్ని ఆపింది కూడా యంగ్ అడల్ట్ నవలలేనని సందేశంలో రాయనందుకు సంతోషం.

నీతికథల గురించి ఎక్కువ చెప్పను. పంచతంత్రాన్ని అమ్మానాన్నల మాట వినడం నేర్పే పుస్తకం అనుకునేవారు దాన్ని మళ్లీ ఒకసారి చదవాలి. మొద్దు రాకుమారులకు రాజనీతి ఎక్కించడానికి విష్ణుశర్మ చెప్పిన కథలవి. స్నేహితుల మధ్య పుల్లలు పెట్టి విడదీయడం ఎలాగో మొదటి తంత్రమంతా నక్క సాయంతో వివరంగా ఉంది.

సంచుల వెతుకులాట మిగిలింది. వెతకండి, పుస్తకం దొరికితే తీసేయండి. ఆ ఖాళీలో పెట్టడానికి ఏముంది? రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టే బరంపురం దేవాంగుల కుర్రవాడు, మగ్గం మీద నాన్న, ఆ మగ్గం నాకు వద్దని చెప్పలేని కొడుకు: ఇది తెలుగులో పదిహేనేళ్ల వాళ్ల కోసం ఎవరైనా నవలగా రాసి నా బీరువాకు పంపితే రేపే పిల్లల చేతుల్లో పెడతాను. మేనరికం వద్దన్నా నాయనమ్మ ఒళ్లోనే పడుకునే అమ్మాయి కథ అయితే ఇంకా ముందు పెడతాను. ఏమేమి చదవకూడదో ఎనిమిది పేరాల్లో చెప్పిన ఆ సందేశంలో, చదవడానికి ఇవ్వదగిన తెలుగు పుస్తకం పేరు ఒక్కటి కూడా లేదు.