మెడల్‌ని వేలంలో పాడుకోవచ్చా? బాబాయ్‌కీ అన్నకూతురికీ మధ్య వాదన

(బాబాయ్ ఎన్నో ఏళ్ళుగా వేలంలో పాత మిలిటరీ మెడల్స్ కొంటున్నాడు. అన్నకూతురు చరిత్ర చదువుతోంది, ఈ కొనడం అమ్మడం తనకి అస్సలు నచ్చదు. ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకున్నదే ఇది.)

అమ్మాయి: బాబాయ్, సూటిగా అడుగుతా, ఏమనుకోకు. ఒకడు ప్రాణాలకి తెగించి తెచ్చుకున్న మెడల్‌ని, అసలు యుద్ధం మొహం చూడని వాడు డబ్బుంది కదా అని పాడుకుని పట్టుకెళ్ళిపోతే నీకు తప్పనిపించదా? హవల్దార్ ఉమ్రావ్ సింగ్ సంగతి నీకు తెలిసిందే కదా, 1944లో బర్మాలో పోరాడి బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్యపతకం విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు, తర్వాత డబ్బుకి ఇబ్బంది పడ్డా మెడల్ కొంటామని వచ్చినవాళ్ళకి మాత్రం ఇవ్వలేదు, అమ్మితే తనతోపాటు పోరాడి చనిపోయినవాళ్ళ గౌరవానికి మచ్చ అన్నాడు. 2005లో పోయేదాకా అదే మాట మీదున్నాడు. గెలిచినవాడే అమ్మకూడదంటుంటే కొనడానికి మనమెవరం?

బాబాయ్: ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడతా తల్లీ. కానీ అది ఆయన తన మెడల్ విషయంలో తీసుకున్న నిర్ణయం, అందరికీ అదే రూల్ అంటే ఎలా? రష్యా జర్నలిస్టు మురాతోవ్ 2022లో తన నోబెల్ మెడల్‌నే వేలానికి పెట్టాడు, 10 కోట్ల 35 లక్షల డాలర్లు వచ్చాయి, ఆ డబ్బంతా యుక్రెయిన్ యుద్ధంలో ఇల్లూవాకిలీ పోయిన పిల్లల కోసం యూనిసెఫ్‌కి ఇచ్చేశాడు. అది తప్పంటావా?

అమ్మాయి: అది మిలిటరీ మెడల్ కాదు, పైగా ఆయన బతికుండి తన చేత్తో ఇచ్చాడు. మీ వేలాల్లో అమ్మేది ఎవరు?

బాబాయ్: మునిమనవలు. నిజమే, ఒప్పుకుంటా. పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున దొరుకుతుంది, ఎవరిదో ఎందుకిచ్చారో వాళ్ళకే తెలీదు. అప్పుడు కొనేవాడు లేకపోతే ఏమవుతుందో 1980లో చూశాం కదా. మొదటి ప్రపంచయుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, దాదాపు 65 లక్షలు ఇచ్చారు, అన్ని ఉన్నాయి కాబట్టి సేకరించేవాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోలేదు. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకి 50 డాలర్ల దగ్గరికి వెళ్ళేసరికి మెడల్‌గా అమ్మితే వచ్చేదాని కంటే కరిగిస్తే ఎక్కువొస్తుందని లెక్కలేనన్ని కొలిమిలో పోసేశారు. ఒక్కోదాని అంచు మీద ఒక్కో మనిషి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయమ్మా. అవన్నీ పోయాయి. దాంతోపాటు వచ్చిన విక్టరీ మెడల్ కంచుది కాబట్టి దాని జోలికి ఎవడూ పోలేదు, అందుకే ఇవాళ్టికీ జతలో ఒకటే మిగిలినవి కనపడుతుంటాయి. అవి చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అమ్మాయి: ఆగు బాబాయ్, ఆ కరిగించింది ఎవరు? మార్కెట్టే కదా! ఎక్కువ ధర ఎక్కడొస్తే అక్కడికి పోవాలనే బుద్ధే ఆ రోజు కొలిమికి తోలింది, ఇవాళ వేలానికి తోలుతోంది. రేపు మీ కలెక్షన్ల మీద మోజు పోయి వెండి ధర పెరిగితే మళ్ళీ అదే జరగదని గ్యారంటీ ఏంటి?

బాబాయ్: జరగొచ్చు, కాదనను. అందుకే దాన్ని వెండి తూకంతో కాకుండా మనిషి పేరుతో చూసేవాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిదంటున్నా. పేరున్న మెడల్‌కి వెండి విలువ కంటే ఎక్కువ ఇచ్చేవాడు ఉన్నంతకాలం అది కొలిమి మొహం చూడదు.

అమ్మాయి: మరి గ్రూపులు విడగొట్టడం? దానికేం చెప్తావు? ఒకే మనిషికి నాలుగు మెడల్స్ ఉంటాయి, అందులో ఒకటి అరుదైన యుద్ధానిది, దాన్ని విడిగా అమ్మితే ఎక్కువొస్తుంది, మిగతా మూడూ తలో దిక్కు. మనిషి జీవితాన్ని ముక్కలు చేసి అమ్మడం కాదా అది? పోనీ తర్వాత మీలాంటివాళ్ళు ఆ ముక్కల్ని మళ్ళీ కలపాలని ఏళ్ళకేళ్ళు వెతుకుతారు, ఆ మిగిలిన ముక్క నీకు కావాలని అమ్మేవాడికి తెలిసిందా, ఇక ధర వాడిష్టం.

బాబాయ్: ఈ ఒక్క విషయంలో నీకంటే నాకే ఎక్కువ కోపం. గ్రూపు విడగొట్టేవాడిని నేను వ్యాపారి అనను, అది పాడుచేయడమే. వేలం హౌసులు గ్రూపుగా వచ్చినదాన్ని గ్రూపుగానే ఒకే లాట్‌లో, అంటే ఒకే పాటకి, పెట్టాలని రూలుండాలి, నేను దానికి పూర్తిగా మద్దతు.

అమ్మాయి: రూలుండాలి అంటే ఇప్పుడు లేదనేగా.

బాబాయ్: లేదు. ఆచారంగా పాటించేవాళ్ళున్నారు, అంతే.

అమ్మాయి: సరే, నకిలీ సరుకు సంగతికి వద్దాం. అసలు నువ్వు కొనేది అసలుదేనని నీకెలా తెలుస్తుంది? కేటలాగ్‌లో మంచి ఫొటో, కింద రెండు పేరాల కథ. అది చదివి జనం ఎగబడి పాడతారు.

బాబాయ్: కథ చదివి పాడేవాడు మోసపోతాడు, అంచు చదివేవాడు తక్కువ మోసపోతాడు. ఇలా చూడు, ఇది అదే బ్రిటిష్ వార్ మెడల్, అడ్డంగా 36 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకడి పేరు ఆకురాయితో అరగదీసి గొప్ప రెజిమెంటులో పనిచేసిన ఇంకొకడి పేరు చెక్కితే, అరగదీసిన మేరకి వెండి తగ్గుతుంది కదా, మందం కొలిచే వెర్నియర్ పెడితే ఒకవైపు సన్నబడినట్టు దొరికిపోతుంది. తర్వాత అంచుని దీపానికి ఏటవాలుగా పట్టుకుని తిప్పాలి, అక్షరాల లోతు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉందా, అక్షరాల గాడిలో ఉన్న నలుపు పక్కన ఉన్న నలుపుతో కలుస్తోందా చూడాలి. అందుకే తళతళ మెరిసేలా తోమేసిన మెడల్ అంటే నాకు భయం, ఆ నలుపే సాక్ష్యం, దాన్ని తోమేసి పోగొట్టుకుంటారు. ఇక మిలిటరీ రికార్డులతో పోల్చుకోవడం ఎలాగూ ఉంది, కాకపోతే 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకి మొదటి యుద్ధం సైనికుల సర్వీసు ఫైళ్ళు సగానికి పైగా కాలిపోయాయి, చాలామంది విషయంలో మెడల్ జాబితాలూ ఇండెక్స్ కార్డులే దిక్కు.

అమ్మాయి: అసలు పేరే లేని వాటి సంగతి? రెండో ప్రపంచయుద్ధం స్టార్లు, అదే నక్షత్రం ఆకారంలో ఉండే మెడల్స్, బ్రిటిష్ సైనికులకి పేరు చెక్కకుండానే ఇచ్చారు కదా, వాటికి ఏ పైలట్ ఫొటో అతికించినా, ఏ ఉత్తరం జత చేసినా కాదనేవాడెవడు?

బాబాయ్: అందుకే పేరులేనిదానికి పేరున్న ధర ఇవ్వకూడదు. ఇండియన్ ఆర్మీకి ఇచ్చినవాటి మీద మాత్రం పేర్లు చెక్కారు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వాళ్ళకీ అంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వస్తువుకి డబ్బులివ్వండి, కథకి ఇవ్వకండి, ఆ కథని కాగితం మీద రుజువుచేస్తేనే దానికి విడిగా ఇంకో రూపాయి.

అమ్మాయి: అందరూ నీలా చూడరు. పైగా వేలంలో దొంగపాట ఒకటి, కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాడించడం. అమెరికాలో ఆటల జ్ఞాపక వస్తువుల వేలాలు నడిపే పెద్దమనిషి ఒకాయన ధరలు పెంచడానికి దొంగపాటలు పాడించానని, అప్పట్లో ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన బేస్‌బాల్ కార్డు, అదే హోనస్ వాగ్నర్ అనే పాత ఆటగాడి బొమ్మున్న కార్డు, దాని అంచులు కత్తిరించి కొత్తదానిలా చేశానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అంత పేరున్న కార్డుకే అలా జరిగితే మామూలు లాట్ల గతేంటి? పాట అయిపోయాక మళ్ళీ కొనేవాడి దగ్గర కమీషన్ పేరుతో నూటికి ఇరవై, ఇరవైఐదు పైన వేస్తారు, దానిమీద టాక్సు. ఈ మొత్తంలో ఆ సైనికుడికి గానీ కుటుంబానికి గానీ పోయేదెంత?

బాబాయ్: దొంగపాట పాడించినవాడిని జైల్లో పెట్టాల్సిందే, ఆయన్ని పెట్టారు కూడా. కమీషన్ సంగతి ముందే తెలుసు కాబట్టి నేను దాన్ని కలుపుకునే నా హద్దు రాసుకుంటా, ఆ హద్దు దాటాక చెయ్యి లేవదు. కానీ నువ్వు మోసం జరుగుతోంది కాబట్టి మొత్తం మూసెయ్యమంటున్నావు. నేను ఒకటి చూపిస్తా, ఇది పట్టుకో.

అమ్మాయి: ఇది కంచు. ఇందాకటి బొమ్మే, గుర్రం మీద మనిషి, 1914, 1918. మరి వెండిదన్నావు?

బాబాయ్: సైనికులకి వెండిది. మూటలు మోసినవాళ్ళకి, కందకాలు తవ్వినవాళ్ళకి, అంటే లేబర్ కోర్‌లో వెళ్ళిన మన ఇండియన్లకీ చైనా వాళ్ళకీ మాల్టా వాళ్ళకీ అదే మెడల్ కంచుతో చేసిచ్చారు. అదే యుద్ధం, లోహం మాత్రం వేరు. దాదాపు లక్షా పదివేలే ఇచ్చారు. మొదటి యుద్ధానికి ఇండియా నుంచి 13 లక్షల మంది పైగా వెళ్ళారు, అందులో తుపాకీ పట్టినవాళ్ళ గురించే ఎక్కడో ఒక వాక్యం రాస్తారు, ఈ మూటలు మోసినవాళ్ళని ఎవరు తలుచుకున్నారు? ఇదిగో అంచు మీద నంబరు, పేరు, ఏ కోర్‌లో పనిచేశాడో. ఇతని గురించి నాకు దొరికిన కాగితం ముక్క ఇంకోటి లేదు. ఇవాళ ఈ కంచుది వెండిదాని కంటే ఎక్కువ ధర పలుకుతుంది. ఆ ధర ఉంది కాబట్టే ఇది పాత ఇత్తడి సామాన్ల కుప్పలోంచి బయటికొచ్చింది.

అమ్మాయి: ...ఇది నాకు తెలీదు. నిజంగా గొప్ప వస్తువు బాబాయ్. కానీ చూడు, నువ్వు చూపిస్తే తప్ప నేను చూడలేదు! లేబర్ కోర్ మీద రీసెర్చ్ చేసేవాళ్ళకి నీ బీరువాలో ఇది ఉందని ఎలా తెలుస్తుంది? ఇది మ్యూజియంలో ఉండాలి.

బాబాయ్: మ్యూజియంలో ఉంటే శాశ్వతం అనుకుంటున్నావా? లార్డ్ యాష్‌క్రాఫ్ట్ అనే ఆయన 1986 నుంచి విక్టోరియా క్రాస్‌లు కొనుక్కుంటూ వచ్చాడు, 200కి పైగా పోగేశాడు, 2010లో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో వాటికోసం గ్యాలరీ పెట్టారు, జనం ఫ్రీగా చూశారు. 2025లో ఆ గ్యాలరీ మూసేశారు, మూయాలని నిర్ణయించింది కూడా మ్యూజియమే. పెద్ద మ్యూజియాలన్నిట్లో బయటికి పెట్టేది కొంచెం, గోడౌన్‌లో పెట్టెల్లో ఉండేది బోలెడు.

అమ్మాయి: గోడౌన్‌లో ఉన్నా అందులో ఏముందో రిజిస్టర్ ఉంటుంది, అడిగితే చూపిస్తారు, అమ్ముకోరు. యాష్‌క్రాఫ్ట్‌వి మ్యూజియం సొంతం కాదు కాబట్టే గ్యాలరీ పోగానే మెడల్స్ మళ్ళీ ఆయన చేతికి వెళ్ళాయి, జనానికి వాటి మీద హక్కేం మిగిలింది? నేననేది అదే. ఇంకో మాట, ఆ యుద్ధంలో పోయినవాళ్ళ ఇళ్ళకి పంపిన కంచు ఫలకం ఉంది కదా, అరచేయంత పెద్దది, 13 లక్షలకి పైగా పంపారు, దాని మీద హోదా కూడా వెయ్యలేదు, చావులో పెద్దాచిన్నా లేదని వట్టి పేరే వేశారు. కొడుకు పోయాడని తల్లి చేతిలో పెట్టింది అది. దానికి లాట్ నంబర్ వేసి అమ్ముతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బాబాయ్: దానికి నా దగ్గర సమాధానం లేదు తల్లీ. అది కేటలాగ్‌లో కనపడితే నాకూ మనసు బాగోదు, అయినా పాడతా, ఎందుకంటే నేను పాడకపోతే అది తల్లి దగ్గరికేం వెళ్ళదు కదా.

అమ్మాయి: మరి హద్దు ఎక్కడ? 2025లో పిప్రహ్వా రత్నాలు, 1898లో యూపీలోని పిప్రహ్వాలో బుద్ధుడి ధాతువులతోపాటు తవ్వితీసినవి, హాంకాంగ్‌లో వేలానికి పెట్టారు, మన ప్రభుత్వం నోటీసు ఇస్తే వాయిదా వేసి చివరికి ఇండియాకి తిరిగొచ్చాయి. అదీ వస్తువే, అమ్మింది తవ్వించిన దొర వారసులే, నీ లెక్కలో అది కూడా కరెక్టేనా?

బాబాయ్: ముమ్మాటికీ కాదు. సమాధిలోంచి తీసింది, గుడిలోంచి తెచ్చింది, యుద్ధంలో లూటీ చేసింది, ఇవి వేలానికి రాకూడదు. మెడల్ అలా కాదు, ఆ మనిషికి ఇచ్చారు, అది అతని సొంతం.

అమ్మాయి: అమెరికాలో వాళ్ళ అత్యున్నత శౌర్యపతకం మెడల్ ఆఫ్ ఆనర్ అమ్మితే నేరం. అక్కడా అది మనిషికిచ్చిందే కదా, అయినా అమ్మొద్దన్నారు. అన్ని శౌర్యపతకాలకీ అదే పెడితే సరిపోతుంది.

బాబాయ్: పెడితే దొంగచాటుగా అమ్ముతారు, అప్పుడు కేటలాగూ ఉండదు, ఫొటో ఉండదు, ఎవరి చేతికి పోయిందో రాసి ఉండదు. వేలంలో ఉన్న మంచి అదొక్కటే, బహిరంగంగా జరుగుతుంది, ఏది ఎప్పుడు అమ్ముడైందో వందేళ్ళ తర్వాత కూడా వెతుక్కోవచ్చు.

అమ్మాయి: సరే, నిషేధం సంగతి పక్కన పెడతా. కానీ పేరున్న ఏ మెడలైనా వేలానికి పెట్టేముందు ఆ పేరు, ఊరు, రెజిమెంటు బయటపెట్టి కుటుంబం కోసం వెతకాలి. వాళ్ళొస్తే వేలం హౌసు ముందే వేసిన ఎస్టిమేట్ ధరకే వాళ్ళకివ్వాలి, పాట లేకుండా. నువ్వు దీనికి ఒప్పుకుంటావా? నీ దగ్గరున్నవాటికి కూడా?

బాబాయ్: నా దగ్గరున్నవాటికైతే నేను కొన్న ధరకే ఇస్తా, ఎస్టిమేట్ కూడా అక్కర్లేదు. కానీ అమ్మేవాళ్ళందరినీ ఎన్నాళ్ళు ఆగమంటావు?

అమ్మాయి: ఏడాది.

బాబాయ్: ఏడాదా? అప్పులో ఉన్నవాడు ఏడాది ఆగలేడమ్మా. ఆర్నెల్లు చెయ్యి.

అమ్మాయి: మూటలు మోసినవాడి మునిమనవడికి ఆర్నెల్లలో కబురు చేరుతుందా బాబాయ్? ఏడాదే. ముందు నీ కంచుదానితో మొదలుపెడదాం, ఆ పేరూ నంబరూ నాకు రాసివ్వు.