సన్నబడితే మెచ్చుకునే ముందు

ఇంటర్ చదువుతున్న అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకు బాగా చిక్కి వస్తే హైదరాబాద్ ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘భలే సన్నబడ్డావే’. పెళ్లిళ్లలో అత్తయ్యలు, పిన్నులు చుట్టూ చేరి ఏం డైట్ అని ఆరా తీస్తారు. తల్లికి కాస్త బెంగగా ఉన్నా, చదువు టెన్షన్ అనో, మెస్ తిండి పడలేదనో సర్దిచెప్పుకుంటుంది. చాలాసార్లు అంతకుమించి ఏమీ ఉండదు కూడా. కానీ కొందరు పిల్లల్లో అది జబ్బుకు మొదలు. తొలి నెలల్లో ఊరంతా మెచ్చుకునే జబ్బు బహుశా ఇదొక్కటే.

వైద్యులు వీటిని ఈటింగ్ డిజార్డర్లు అంటారు. లావైపోతాననే భయంతో తిండి మానేసి శరీరాన్ని ఎండగట్టుకునేది అనోరెక్సియా. పట్టలేనంతగా తినేసి, ఆ వెంటనే వాంతి చేసుకోవడమో, మందులు మింగడమో, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేయడమో బులీమియా. దీన్ని 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ గుర్తించి వివరించారు. అలాగే తిని, బయటికి పంపే ప్రయత్నం లేకుండా సిగ్గుతో కుమిలిపోవడం బింజ్ ఈటింగ్. మానసిక వ్యాధుల్లో మరణాలు ఎక్కువగా ఉన్నవాటిలో అనోరెక్సియా ఒకటి. గుండె లయ తప్పి కొందరు, ఆత్మహత్యతో కొందరు పోతున్నారు. ‘వయసు పిల్లల వేషాలు’ అని తీసిపారేసే వ్యవహారం కాదిది.

చిక్కంతా మన చూపు తూకం మీదే ఉండటంతో వస్తోంది. బులీమియా ఉన్నవాళ్లు చాలామంది మామూలు బరువులోనే ఉంటారు. లావుగా ఉండి వేగంగా తగ్గిన పిల్లలో అనోరెక్సియా లక్షణాలన్నీ ఉన్నా, బరువు ‘నార్మల్’ అని పంపేస్తారు. చూడాల్సింది తిండితో వాళ్ల తీరును. అన్నం ముద్దలు లెక్కపెట్టుకోవడం, స్నేహితులతో బిర్యానీకి వెళ్లకుండా ప్రతిసారీ ఏదో సాకు చెప్పడం, భోంచేయగానే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పడం, మే నెలలోనూ చలి అంటూ ఫుల్ హ్యాండ్స్ వేసుకోవడం, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం... వాంతుల వల్ల పంటి లోపలివైపు ఎనామెల్ అరిగిపోతుంది కాబట్టి కొన్నిసార్లు ముందుగా పసిగట్టేది పళ్ల డాక్టరే. ఇవేవీ ఒక్కటొక్కటిగా చూస్తే పెద్ద విషయాల్లా ఉండవు. అందుకే థైరాయిడ్ పరీక్ష, ఎండోస్కోపీ, ఆఖరికి దిష్టి తీయడం కూడా అయ్యాక గానీ అసలు సంగతి బయటపడదు.

మన ఇళ్లలో దీనికి ఇంకో మరుగు ఉంది. సోమవారం, గురువారం, శనివారం ఉపవాసం అంటే ఎవరూ ప్రశ్నించరు, పైగా గౌరవిస్తారు. భక్తితో ఉపవాసం ఉన్న పిల్ల మర్నాడు పులిహోర ప్రసాదం కళ్లకద్దుకుని తింటుంది. రోజా ఉన్న అబ్బాయి ఇఫ్తార్ వేళకు ఖర్జూరం కోసం ఎదురుచూస్తాడు. ఉపవాసం విడవాల్సిన వేళ దగ్గరపడే కొద్దీ కంగారు పెరుగుతుంటే, ప్రసాదం కూడా చేతిలోంచి కాగితంలోకి జారుతుంటే ఆలోచించాలి.

అబ్బాయిల సంగతి ఎవరికీ పట్టదు. జిమ్‌లో రెండు పూటలా గడుపుతూ, గుడ్డు తెల్లసొన, ప్రోటీన్ పొడి తప్ప ఇంట్లో ఏదీ ముట్టని కొడుకును చూసి ‘క్రమశిక్షణ’ అని మురిసిపోతాం. ఒక్కరోజు జిమ్ మూతపడితే వాడు మనిషిలా ఉండడని గమనించం.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్లను కోలుకునేలా చేయడం ఎలాగో తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం. బయటపడింది అంతకన్నా పెద్ద విషయం. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేని ఆ యువకులు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, కంచం ముందు గంటల తరబడి కూర్చున్నారు, నలుగురిలో కలవడం మానేశారు, చీటికీ మాటికీ విసుక్కున్నారు, దిగులులో కూరుకుపోయారు. తిండి మళ్లీ దొరికాక కొందరు ఆపుకోలేక తిన్నారు. మన ఇంట్లో అమ్మాయి తాను ముట్టకుండా అందరికీ వండిపెడుతున్నా, రాత్రంతా ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తున్నా, పలకరిస్తే కస్సుమంటున్నా అది పొగరనో మొండితనమనో అనుకుంటాం. అందులో చాలా భాగం ఆకలి మెదడుకు చేసే పని. ‘ఒక్క ముద్ద తింటే ఏం పోతుంది’ అని బతిమాలినా, రెండు తగిలించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

తప్పు ఎవరిదని వెతకడం మొదలుపెడితే చివరికి తల్లి దగ్గర ఆగుతుంది. అది అన్యాయం. వంశపారంపర్యం, ప్రతిదీ పక్కాగా ఉండాలనే స్వభావం, ఆందోళన ఇందులో కలిసి ఉంటాయి. చుట్టూ ఉన్న లోకం నిప్పు రాజేస్తుంది. బొద్దుగా ఉండటమే అందమనుకునే ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడు బరువు తగ్గడం కోసం వాంతి చేసుకుంటామన్న బడి ఆడపిల్ల ఒక్కరూ లేరు. 1998లో మళ్లీ అడిగితే 11 శాతం మంది అవునన్నారు. చిన్న సర్వేనే. కానీ అప్పటికి రీల్స్ లేవు, ఫిల్టర్లు లేవు, ‘స్లిమ్ అమ్మాయి కావాలి’ అనే పెళ్లి ప్రకటనలు అరచేతిలోకి రాలేదు.

పీసీఓడీ (నెలసరి గతి తప్పే అండాశయ సమస్య) ఉందని వచ్చిన పదహారేళ్ల పిల్లకు ‘బరువు తగ్గించు’ అని చీటీ రాసిచ్చే డాక్టర్లకూ ఒక మాట. సలహా తప్పు కాదు. ఎలా తగ్గాలో చెప్పకుండా, నెల తర్వాత ఏం తింటున్నావని అడగకుండా వదిలేయడమే తప్పు. తల్లిదండ్రులు మాత్రం కోలుకోవడంలో ముఖ్యులు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న చికిత్సలో పిల్లలకు దగ్గరుండి తినిపించే బాధ్యత ఇంటివాళ్లదే, వైద్య బృందం వెనక నిలబడుతుంది. ఒక్క హెచ్చరిక: వారాల తరబడి సరిగా తినని శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కళ్లు తిరిగి పడిపోతున్నా, నాడి బాగా నెమ్మదించినా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పోషకాహారం మీద దేశానికి దారి చూపిన జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) హైదరాబాద్ తార్నాకలో ఉంది. 1918లో కూనూర్‌లో మొదలైన ఆ సంస్థ ఎక్కువగా పోరాడింది తిండి చాలక వచ్చే జబ్బులతో. ఆ పోరు తీరిపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కంచం నిండా ఉన్నా తినలేని పిల్లలూ ఇదే నగరంలో ఉన్నారు. నిలోఫర్ ఆసుపత్రి పిల్లల వైద్యులు, ఎర్రగడ్డ ఆసుపత్రి మానసిక వైద్యులు, ఎన్‌ఐఎన్ నిపుణులు ఒకే గదిలో కూర్చుని వారానికి ఒక్క పూటైనా ఓపీ చూడటానికి కొత్త భవనాలు అక్కర్లేదు. జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపు జూనియర్ కాలేజీల హాస్టల్ వార్డెన్లకు, మెస్ సిబ్బందికి ఈ లక్షణాలు చెప్పే పని ఇంటర్ బోర్డు చేపట్టాలి. ఎవరు తింటున్నారో, ఎవరు తినడం లేదో రోజూ కళ్లారా చూసేది వాళ్లే.

ఎవరిని అడగాలో తోచని కుటుంబాలు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చి, మానసిక వ్యాధికి పాలసీ వర్తించదని బీమా వాళ్లు అంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చూపించండి. శారీరక వ్యాధులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలని అందులో రాసి ఉంది.