నాలుగు బూట్లు, ఒక గమకం

మా అబ్బాయి బడిలో ట్యూబా వాయిస్తున్నాడని చెప్పగానే, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎవరి పెళ్ళిలోరా?" అని. ఆమె అమాయకత్వాన్ని తప్పుపట్టలేను. డాలస్ శివార్లలోని మా వంటి తెలుగు కుటుంబాల్లో పిల్లవాడు వయొలిన్ పట్టుకుంటే గౌరవం, మృదంగం పట్టుకుంటే మరింత గౌరవం. దాదాపు 18 అడుగుల ఇత్తడి గొట్టాన్ని చుట్టలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని 'భోం' అనిపించే పిల్లవాడిని గురించి బంధువులతో ఎట్లా చెప్పుకోవాలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. కర్ణాటక వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్ అంతటివారే మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారనీ, అటువంటి నోట్టుస్వరాలు 30కి పైగా ఉన్నాయనీ నేను గుర్తుచేశాను. "ఆయన విన్నాడు, రాశాడు. ఆ గొట్టం మొయ్యలేదుగా" అన్నది మా అమ్మ.

మోత మాట నిజమే. కచేరీలో ఒళ్ళో కూర్చునే ట్యూబాకు బదులు, మైదానంలో కవాతు చేసేటప్పుడు భుజానికి తగిలించుకునే సౌసాఫోన్ వస్తుంది. జాన్ ఫిలిప్ సౌసా అనే బ్యాండు నాయకుని కోరిక మీద 19వ శతాబ్దం చివర పుట్టిన ఆ వాద్యం ఇత్తడిదైతే పది కిలోలు సునాయాసంగా దాటుతుంది. దానిని మోస్తూ, టెక్సాస్ ఆగస్టు ఎండలో, ప్రతి 5 గజాలకు సరిగ్గా 8 అంగల లెక్కన, అంటే అంగ 22.5 అంగుళాలకు మించకుండా తగ్గకుండా, మొహం ప్రేక్షకుల వైపూ నడక పక్కకూ ఉంచి నడవాలి. ఈ రాష్ట్రంలో కవాతు బ్యాండును వ్యాయామ తరగతికి బదులుగా లెక్కగడతారంటే మొదట నవ్వాను కానీ, ఒక సాయంత్రం వాడు ఇంటికి వచ్చి వాకిట్లోనే పడుకున్న తీరు చూశాక ఆ నవ్వు వెనక్కి తీసుకున్నాను.

మా పెద్దమ్మాయిది అదే బడిలో గాయక బృందం. దాని కష్టాలు మరో రకం. స్వరలిపిని చూడగానే పాడే పరీక్షకు అది ఇల్లంతా తిరుగుతూ 'డో రే మీ' అంటూ ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క విధంగా చెయ్యి పడుతుంటే, ఇది భరతనాట్యం కూడా నేర్చుకుంటున్నదని మా అమ్మ కొన్నాళ్ళు సంతోషించింది. గంటసేపు నిలబడి పాడేటప్పుడు మోకాళ్ళు బిగబట్టరాదనీ, బిగబడితే కళ్ళు తిరిగి ముందు వరుస మీద పడతారనీ వాళ్ళకు మొదటి రోజే చెబుతారట. మా కుటుంబంలో చివరికి మోకాళ్ళు వణికినవాడిని నేనే కావడం విచిత్రం.

డిసెంబరులో బ్యాండుకూ గాయక బృందానికీ కలిపి శీతకాలపు కచేరీ జరిగింది. మగపిల్లలకు నల్ల సూటు బడివాళ్ళే ఇస్తారు. నల్ల బూట్లు, నల్ల మేజోళ్ళు మనవి. కూర్చున్నప్పుడు పంట్లాం అంచుకూ బూటుకూ మధ్య ఒక్క అంగుళం చర్మమైనా కనిపించరాదని నియమం; అది తప్పితే వేదిక ఎక్కనివ్వరు, వేదిక ఎక్కకపోతే మార్కులు పోతాయి. మావాడి నల్ల బూట్లు నవంబరులో బ్యాండు వాయించిన చివరి ఫుట్‌బాల్ ఆటతో పాటు అంతర్ధానమయ్యాయి. ఈ సంగతి వాడికి నెల రోజులుగా తెలుసు. మాకు తెలిసింది కచేరీకి పది నిమిషాల ముందు, సభాభవనం నడవలో, తెల్లటి ఆటబూట్లతో వాడు పరుగెత్తుకు రావడం చూశాక.

"నాన్నా, నీ బూట్లు" అన్నాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాణ్ణి కనుక నా కాళ్ళకు నల్ల బూట్లే ఉన్నాయి. గోడకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి బూట్లూ మేజోళ్ళూ విప్పి ఇచ్చాను. మేజోళ్ళు వెచ్చగా ఉన్నాయని వాడు ముఖం చిట్లించాడు. ఆ సమయంలో అది చిట్లించవలసిన ముఖం కాదు. అక్కడే తొడుక్కుని తన బూట్లు నాకు వదిలేస్తాడనుకున్నాను. వాడు నా జత వేసుకున్నాడు, అలవాటు చొప్పున తన జతను చంకన పెట్టుకున్నాడు, తెర వెనక్కి మాయమయ్యాడు. నాలుగు బూట్లూ వేదిక మీద, రెండు పాదాలు నడవలో మిగిలాయి.

మూడో వరుసలో పాదాలు కుర్చీ కిందికి లాగుకుని కూర్చున్నాను. గాయక బృందం చాలా బాగా పాడింది, లేదా పాడిందనే అనుకుంటున్నాను. ఆ హాలులో నేల ఎంత చల్లగా ఉంటుందో తెలుసుకోవడంలోనే నా శ్రద్ధ అంతా ఖర్చయింది. చప్పట్ల మధ్య బ్యాండ్ డైరెక్టర్ ముందుకొచ్చి, వేదిక సర్దడానికి పేర్లిచ్చిన తల్లిదండ్రులు దయచేసి రావలసిందని పిలిచారు. ఎవరో పాపం అనుకుంటున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, సెప్టెంబరులోనే నా పేరు రాసి వచ్చానని అప్పుడు చెప్పింది.

నాకు ఒప్పజెప్పినవి టింపనీలు. పెళ్ళివంటల రాగి గుండిగకు పైన తోలు బిగించి, కింద చక్రాలు తగిలించినట్టుండే ఆ వాద్యాలు నాలుగు. ఒక్కొక్క దాని అడుగున కుట్టుమిషను తొక్కుడుపలక వంటిది ఒకటి ఉంటుంది. దాన్ని వేళ్ళతో నొక్కితే తోలు బిగిసి శ్రుతి పైకి పోతుంది, మడమతో నొక్కితే దిగుతుంది. ఈ వివరం నేను తర్వాత తెలుసుకున్నది. అప్పటికి నేను తెలుసుకున్నదల్లా, మిగిలిన తండ్రులందరూ దిట్టమైన బూట్లతో వచ్చారనీ, దీపాల వెలుగు సరిగ్గా నా పాదాల మీదే పడుతున్నదనీ మాత్రమే.

మూడింటిని క్షేమంగా చేర్చాను. అన్నిటికన్నా పెద్దదాన్ని తోస్తుండగా దాని చక్రం నా ఎడమ కాలి చిటికెన వేలి మీదికి ఎక్కింది. అరవకూడదన్న జ్ఞానం మిగిలింది కానీ, నిలదొక్కుకునే శక్తి మిగలలేదు. ముందుకు తూలేసరికి మోచెయ్యి తోలు మీద దబ్బున తగిలి పక్కకు జారింది. అదే క్షణాన కుడి పాదం తొక్కుడుపలక మీద పడి నిండా దిగిపోయింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ హాలులో, మంద్రం నుంచి బయలుదేరిన ఒక గంభీరమైన 'భోఁ' మెల్లగా సాగుతూ, వంగుతూ, ఎక్కడా తెగకుండా పైకి పాకి, గాలిలో ఒక ప్రశ్నలాగా నిలిచిపోయింది. ట్యూబా వెనక నుంచి మావాడి తల ఇంకాస్త కిందికి దిగడం చూశాను. అప్పటికే వేదిక దిగి ప్రేక్షకులలో కూర్చున్న మా అమ్మాయి, ఆ క్షణంలో ఇంటిపేరు మార్చుకోవాలని నిశ్చయించుకున్నట్టు తర్వాత చెప్పింది.

డైరెక్టర్ దగ్గరికి వచ్చి వాద్యాన్ని చూశారు, నన్ను చూశారు, చాలాసేపు నా పాదాలను చూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి, ఎంతో మర్యాదగా, "ఇది మీ సంప్రదాయమా?" అని అడిగారు. నేను "అవును" అన్నాను. పూర్తిగా అబద్ధమేమీ కాదు. మన విద్వాంసులెవరూ కచేరీ వేదికను చెప్పులతో ఎక్కరు. ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచారు. నేనూ వంచాను. వంచినప్పుడు వేలు ఎంత వాచిందో కనిపించింది.

ఇంటికి వెళ్ళే దారిలో కారులో ఎవరూ మాట్లాడలేదు. బడి దాటి రెండు సిగ్నళ్ళు వెళ్ళాక మా అమ్మ వెనక సీటులో నుంచి, "గంటన్నర వాయించారు, స్వరాలన్నీ పటాలంలా విడివిడిగా నిలబెట్టారు. మొత్తం మీద స్వరాన్ని సాగదీసి వంచే గమకం వినిపించింది ఒక్కసారే, అదీ నువ్వు వాయించినప్పుడు" అన్నది. నా సంగీతాన్ని ఆమె మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మావాడి నల్ల బూట్లు ఫిబ్రవరిలో సౌసాఫోన్ పెట్టెలో దొరికాయి, కాకపోతే అప్పటికి వాడి పాదం వాటిని దాటి పెరిగిపోయింది. ఈ వారం బడి నుంచి ఒక ఈమెయిలు వచ్చింది: వేదిక సర్దే తల్లిదండ్రులు ఇకమీదట వేళ్ళు పూర్తిగా కప్పే బూట్లు విధిగా ధరించాలట, మతపరమైన, సంప్రదాయపరమైన కారణాలున్నవారికి మాత్రం మినహాయింపు ఉందట. వసంత కచేరీ గురువారం. మా ఆవిడ నా పేరు ఎప్పుడో రాసివచ్చింది. బూట్లు వేసుకుని వెళితే అబద్ధం బయటపడుతుంది, విడిచి వెళితే వేలు పోతుంది. ఈలోగా మావాడు నా బూట్ల వైపు అదోలా చూస్తున్నాడు.