ఏడుకొండల కింద మడ అడవి

2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు ప్రభుత్వం తిరుపతి వాసులకు ఒక సముద్రాన్ని కేటాయించింది. అంతకు ముందురోజు దాకా చిత్తూరు జిల్లాలో కొండలు, చెరువులు, ఇసుక తేలిన స్వర్ణముఖి తప్ప వేరే జలవైభవం ఎరుగని మనం, సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతాలు కలిసిరావడంతో తెల్లవారేసరికి పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ హక్కుదారులమయ్యాము. అయితే గెజిట్‌లో వచ్చిన సముద్రం గడప దాకా రాలేదు. అలిపిరిలో నిలబడి ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా ఉప్పుగాలి సోకదు. ఈ లోటును సర్కారు మీదికి నెట్టకుండా సొంత ఖర్చుతో పూడ్చుకొంటున్న పౌరులు నగరంలో లేకపోలేదు. హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి, అందులో సముద్రతీరపు ఉప్పు బురదలో పెరిగే మడ మొక్కలను పెంచుతున్న ఆ త్యాగధనులకు తగిన గుర్తింపు ఇంతవరకు దక్కకపోవడం విచారకరం.

మా అపార్టుమెంటులోని ఒక విశ్రాంత ఇంజనీరు గారు ఈ రంగంలో అగ్రగణ్యులు. ఆయన రైజోఫొరా అనే మడ జాతి మొలకలను కొరియర్‌లో తెప్పించుకున్నారు. ఈ చెట్టు గింజను నేలకు వదిలేసి చేతులు దులుపుకొనే రకం కాదు. కాయ కొమ్మకు ఉండగానే గింజ మొలకెత్తి, పచ్చని కాడగా సాగి, కొంతకాలం వేలాడిన తరువాతే తల్లిని విడుస్తుంది. సముద్రంలో నెలల తరబడి తేలినా చావని మొలక గనుక కొరియర్ వారి చేతుల్లో పడి కూడా బతికి బయటపడింది. పెట్టె విప్పినప్పుడు ఇంట్లో పనిచేసే ఆవిడ, “ఏంది సార్, మునక్కాయలు ఇంత లావుండాయి, సాంబారుకా?” అని అడిగిందట. “తీర రక్షణకమ్మా” అని సార్ సెలవిచ్చారు. అందులో అసత్యం ఏమీ లేదు. మడ అడవులు అలల తాకిడిని తగ్గిస్తాయన్నది శాస్త్రం ఒప్పుకొన్న విషయమే. తొట్టిలో ఒక మూలన అలలు పుట్టించే మోటారు ఉన్నది, మరో మూలకు ఆవల సోఫా ఉన్నది, నడుమ మడ మొక్కలు కాపలా ఉన్నవి. ఆ సోఫాకు ఇంతవరకు ఏ ఉప్పెన ముప్పూ వాటిల్లలేదు.

సముద్రాన్ని తయారు చేయడం మాత్రం సామాన్యమైన పని కాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున 200 లీటర్ల తొట్టికి ఏడు కిలోల ఉప్పు కావాలి. అదీ వంటింటి అయోడిన్ ఉప్పు పనికిరాదు, అక్వేరియాల కోసమే అమ్మే ప్రత్యేక మిశ్రమం కొనాలి. కుళాయి నీరు పనికిరాదు గనుక, ఒక బిందె శుద్ధజలానికి రెండు మూడు బిందెలను కాలువ పాలు చేసే ఫిల్టరు కావాలి. వేసవిలో ట్యాంకరు కోసం వీధంతా ఎదురుచూస్తున్న వేళ ఇంత నీటిని సముద్ర నిర్మాణానికి ధారపోయగలవారు ఎంతమంది ఉంటారు? పైగా తిరుపతి ఎండకు తొట్టిలో నీరు ఆవిరవుతుందే గాని ఉప్పు ఆవిరి కాదు. రోజూ మంచినీరు పోసి ఉప్పదనాన్ని సరిచేయకపోతే చేపలకు ప్రాణాపాయం. ఇంతకీ రైజోఫొరా మంచినీటిలోనూ బతకగలదు. ఈ సంగతి ఇంజనీరు గారి శ్రీమతి చెవిన పడకుండా కాపాడడం మా అందరి బాధ్యత అయిపోయింది.

కార్బన్ లెక్క మరింత ఉదాత్తమైనది. మడ అడవులు తమ బురదనేలలో పెద్ద మొత్తంలో కార్బన్‌ను దాచిపెడతాయి. మన తొట్టిలోని మొక్కలు కూడా యథాశక్తి ఆ పని చేస్తున్నవి. వాటికి పన్నెండు గంటలు వెలిగే దీపం, నీటిని చల్లబరచి 26 డిగ్రీల వద్ద నిలిపే చిల్లరు, ఆ చిల్లరు వదిలే వేడిని తట్టుకోవడానికి ఏసీ అమర్చారు. మన గ్రిడ్‌లోకి వచ్చే కరెంటులో కొంత కృష్ణపట్నంలో బొగ్గు మండించి తీసినది. సముద్రపు ఒడ్డున బొగ్గు కాల్చి, ఆ కరెంటును కొండ కిందికి తెచ్చి, సముద్రపు ఒడ్డున తనంత తానే పెరిగే చెట్టును ఇక్కడ బతికించడం కంటే పర్యావరణ సేవ మరొకటి ఉంటుందా?

ఈ మొక్కలు చేపల వ్యర్థాల వల్ల తొట్టిలో చేరే నైట్రేట్లను పీల్చి నీటిని శుభ్రపరుస్తాయని సార్ వాదన. పీల్చేమాట నిజమే, కాని ఏడాదికి నాలుగు ఆకులు వేసే మొక్క ఎంత పీలుస్తుంది? రాలిన ఆకును వెంటనే ఏరకపోతే అది కుళ్లి, తీసుకున్నదంతా నీటికే తిరిగి ఇచ్చేస్తుంది. అందువల్ల నీటిని శుభ్రపరచే మొక్కను శుభ్రపరచే ఉద్యోగం సార్‌కు వచ్చిపడింది. ఉదయం కాఫీ తాగకముందే కళ్లద్దాలు పెట్టుకొని, స్ప్రేయరుతో మంచినీళ్లు చల్లి, ఆకుల మీద పేరుకున్న తెల్లటి ఉప్పును పాత ధోవతి గుడ్డతో ఒక్కో ఆకూ పట్టుకొని తుడుస్తారు. పదవిలో ఉన్నప్పుడు ఏ ఫైలు మీదా ఇంత దుమ్ము దులపలేదని ఆయన సహోద్యోగులు అంటారు గాని, అది ఓర్వలేనితనం.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవికి వెళ్లి చూడవచ్చు కదా అని కొందరు అల్పదృష్టితో అడుగుతారు. అది 1978 నుండి అభయారణ్యం, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. అయితే అక్కడి అడవికి స్విచ్ లేదు, బురద ఉన్నది, దోమలున్నవి, వచ్చిన బంధువులకు అది మనదని చెప్పుకొనే వీలు అసలే లేదు.

కావున అధికారులకు ఒక విన్నపం. 2023లో కేంద్రం మడ అడవుల పెంపకానికి ‘మిష్టి’ పథకం ప్రారంభించింది గాని, అందులో హాళ్ల ప్రస్తావన కనబడదు. ఇక 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్లు రక్షణ వలయంగా వదలాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల తొట్లు సుమారు 1,800 కలిస్తే వెయ్యి చదరపు మీటర్లవుతుంది. భవానీనగర్, కొర్లగుంట వాసులు మనసు పెడితే ఇది అసాధ్యమేమీ కాదు. అప్పుడు ఆ వీధుల్లో అనుమతి లేని నాలుగో అంతస్తు వేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఈ లెక్క విన్న మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, టెర్రస్ మీద రెండు గదులు వేసుకొనే ఆలోచనలో ఉన్నవారు, తొట్టి బరువుకు స్లాబు కుంగుతుందేమోనన్న అనుమానంతో సార్‌కు నోటీసు పంపించారు.