అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరు?

అన్నదమ్ములు గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నారంటే అర్థముంది. గట్టు మీద కనీసం ఒక వేపచెట్టు ఉంటుంది, దాని నీడలో కూర్చుని కోర్టు వాయిదాల గురించి మాట్లాడుకోవచ్చు. కానీ తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీద, చదువూ ఉద్యోగమూ ఉన్న మనుషులు ఆటలో వచ్చే గోబ్లిన్ అనే ఒక చిట్టి రాక్షసుడి చావును ఎవరి ఖాతాలో రాయాలో తేల్చుకోలేక ఐదు ఆదివారాలు ఖర్చు పెట్టారు. ఆ మనుషుల్లో నేనొకణ్ణి. విషయం జాతీయ ప్రాధాన్యం గలది కాబట్టి ప్రజల ముందు పెడుతున్నాను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనేది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డీఎం అంటాం. మిగతావాళ్ళు తలా ఒక వేషం కడతారు. వేషం కట్టడం తిరుపతోళ్ళకు అమెరికావాడు నేర్పాలా అని మీరు అడగొచ్చు. అక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా వీధి పిల్లలు బైరాగి వేషం, తోటి వేషం కట్టి ఊరంతా తిరుగుతూనే ఉంటారు. దాక్కున్న పాలెగాణ్ణి అమ్మ రోజుకొక వేషంలో వెతికి, చివరికి దొర వేషంతో బయటికి రప్పించి తల నరికిందని కథ. ఒక్క తేడా ఏమిటంటే అమ్మ ఒంటరిగా వెళ్ళింది. పక్కన ఇంకో ముగ్గురుంటే పాలెగాడు చచ్చిన మరుక్షణం పంచాయితీ మొదలయ్యేది.

ఆ పంచాయితీకి మూలం ఎక్స్‌పీ. తెలుగులో అనుభవ పాయింట్లు. రాక్షసుణ్ణి ఓడిస్తే ఇన్నని వస్తాయి, 300 చేరితే రెండో లెవెల్, 900 చేరితే మూడో లెవెల్. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం ఒక గోబ్లిన్ విలువ 50. మాకు ఎదురైనవి నాలుగు. మేమూ నలుగురం. మొత్తం 200, తలా 50. పుస్తకం కూడా సమానంగా పంచమనే చెబుతుంది. రెండో తరగతి భాగహారం.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. నేను యోధుణ్ణి. మూడో గోబ్లిన్ ప్రాణం ఏడు పాయింట్లు. అందులో ఆరు నేను తీశాను, నా కత్తితో, నా ఒంటి మీద రెండు బాణాలు దిగి ఉండగా. ఆ సమయంలో మా దొంగ, అంటే సొంత బావమరిది, మిద్దె మెట్ల దగ్గర నిలబడి ఫోన్‌లో వాళ్ళ మేనేజర్‌తో "టార్గెట్ అయిపోతాది సార్" అంటున్నాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వచ్చాడు. పాచిక దొర్లించాడు. బాకు విసిరాడు. నష్టం ఒక్క పాయింటు. గోబ్లిన్ చచ్చింది.

"నాదే బావా, 50 నాకే రాయి" అన్నాడు, ఫోన్ పెట్టేయకుండానే.

వాడి వాదన రంగంపేట వాదన. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ నాడు కోడెల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. పదిమంది కోడె మీద పడతారు. ఒకడు మెడ పట్టుకుంటాడు, ఒకడు తోక, ఒకడు కిందపడి మోచేయి విరగ్గొట్టుకుంటాడు. పలక మాత్రం లాక్కున్నవాడిది. మోచేయి విరిగినవాడికి సగం పలక కోసి ఇవ్వడం ఎక్కడైనా చూశావా అని వాడి ప్రశ్న. నేను కాలిక్యులేటర్ తీశాను. 50ని ఏడు భాగాలు చేస్తే ఒక్కో భాగం 7.14. ఆరు భాగాలు నావి, అంటే 42.86. వాడికి 7.14 పోనీ అన్నాను. బంధుత్వం దృష్ట్యా 7.15 ఇస్తానని కూడా అన్నాను. ఒప్పుకోలేదు.

తర్వాతి ఆదివారం వాడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి మేం ఒక భారీ సాలీణ్ణి చంపేసి చెమట తుడుచుకుంటున్నాం. వాడు కుర్చీ లాక్కుని కూర్చుని తన వాటా అడిగాడు. పలక సిద్ధాంతం ఏమైంది అంటే, ఈ వారం లడ్డు సిద్ధాంతం అన్నాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడికీ, ఘాట్ రోడ్డులో బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయినవాడికీ దర్శనం తర్వాత చేతికొచ్చే ఉచిత లడ్డు ఒకటే కదా, మెట్లెక్కినవాడు ఎప్పుడైనా కౌంటర్ దగ్గర గొడవ చేశాడా అని. సూత్రం లేని మనిషి అని వాణ్ణి నేననను. వారానికొకటి ఉంది.

మా పూజారి పాత్ర వేసే అక్క నర్సు. ఆ గోబ్లిన్ల రోజున నన్ను మూడుసార్లు బతికించింది. పుస్తకంలో గోబ్లిన్‌కు ధర ఉంది, సాలీడుకు ధర ఉంది, నాకు ధర లేదు. నన్ను బతికించినందుకు విడిగా ఒక్క పాయింటు రాసే గడి ఎక్కడా కనబడలేదు. ఈ అన్యాయం గురించి నేను ఆవేశపడుతుంటే అక్క ఫ్లాస్కు మూత తిప్పుతూ "డ్యూటీలో కూడా ఇంతేలేరా" అంది. దాని మీద చర్చ జరగలేదు. అక్క ఫ్లాస్కులో టీ నలుగురికీ సమానంగా వచ్చింది, అది కూడా ఎవరూ గమనించలేదు.

మా మంత్రగత్తె ఎస్వీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతోంది. మూడో ఆదివారం ఒక పేపరు తెచ్చింది. కేంద్రం రాష్ట్రాలకు పన్నులు పంచడానికి 15వ ఆర్థిక సంఘం వాడిన సూత్రాన్నే గోబ్లిన్లకూ వాడాలట. జనాభాకు 15 శాతం, విస్తీర్ణానికి 15, అడవికి 10, జనాభా అదుపుకు 12.5, పన్ను వసూలు శ్రమకు 2.5, మిగతా 45 శాతం ఆదాయ దూరానికి. అంటే ఎవరు ఎంత వెనకబడి ఉంటే వాళ్ళకు అంత ఎక్కువ. అందరికంటే వెనకబడి ఉన్నది తనే. ఆమె పాత్ర ఎల్ఫ్, అంటే అడవి జాతి, కాబట్టి అడవి కూడా తనదే. విస్తీర్ణం అంటే ఏమిటని అడిగితే బల్ల మీద ఎవరి పుస్తకాలు ఎంత చోటు ఆక్రమించాయో కొలవమంది. పుస్తకాలన్నీ ఆమెవే. ఇదంతా యాదృచ్ఛికమని మాకు నచ్చజెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. జనాభా అదుపు కింద, మిగతావాళ్ళకంటే ఎక్కువ గోబ్లిన్లను చంపాను కాబట్టి నాకు 12.5 రావాలని నేను పట్టుబట్టాను. మా బావమరిది మాత్రం ఆ 45 శాతం దగ్గరే ఆగిపోయాడు. ఆ రోజు వాడి దొంగ ఒక్క పనీ చేయలేదు. వెనకబడటానికి కష్టపడుతున్నానన్నాడు.

నిజానికి ఇందులో మా తప్పు తక్కువ. దేనికి పాయింట్లిస్తే మనిషి అదే చేస్తాడు, ఈ ఆట పుట్టినప్పటి నుంచీ అంతే. తొలి రోజుల్లో ఒక బంగారు నాణెం తెస్తే ఒక అనుభవ పాయింటు. ఆ పద్ధతి మేమూ ఒక పూట పెట్టి చూశాం. యుద్ధాలు ఆగిపోయాయి. రాక్షసుడు నిద్రపోతుంటే పక్కనుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాం. గుహ తలుపుకున్న ఇత్తడి గడియ పీకాం, గోడకున్న దీపస్తంభం పీకాం, చివరికి అక్క కూడా, పూజారి అయ్యుండి, బలిపీఠం మీది పళ్ళెం సంచిలో వేసుకుంది. 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో ఎవరి వృత్తికి తగ్గట్టు వాళ్ళకు పాయింట్లిచ్చే ఏర్పాటు ఉంది, దొంగకు తెచ్చిన సొత్తు మీద, యోధుడికి ఓడించిన శత్రువుల మీద, మంత్రగాళ్ళకు వేసిన మంత్రాల మీద. దాన్నీ ఒక పూట చూశాం. మంత్రగత్తె మిట్టమధ్యాహ్నం దీపం వెలిగించే మంత్రం వేసి, చీకటి అనే సమస్యను ముందస్తుగా పరిష్కరించానంది. నేను దారిన పోయే మేకను రెచ్చగొట్టాను. మేక గెలిచింది.

పాయింట్లే ఎత్తేద్దాం, కథలో ఒక మజిలీ చేరగానే అందరికీ ఒకేసారి లెవెల్ పెంచుతాను అని డీఎం ప్రతిపాదించాడు. చాలామంది ఇప్పుడలాగే ఆడుతున్నారట. మేం నలుగురం ఒక్క మాట మీద నిలబడటం ఆ రోజే మొదటిసారి. కుదరదన్నాం.

ఐదో ఆదివారం డీఎం వాళ్ళ నాయన పైకొచ్చాడు. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. మా అరుపులకు పక్కింటివాళ్ళు ఏదో ఆస్తి తగాదా అనుకుని ఆయన్ని కదిలించారట. నులకమంచం మీద కూర్చుని, కళ్ళజోడు పంచె కొసతో తుడిచి, "దేని పంపకం నైనా?" అన్నాడు.

"అనుభవం మామా."

"అనుభవమా!" అన్నాడు. నలభై ఏళ్ళ ఉద్యోగం ఆయన మొహంలోకి తిరిగొచ్చింది. అడంగల్‌లో భూమి ఎవరి పేరున ఉందో చెప్పే పట్టాదారు కాలమ్ వేరు, దాన్ని నిజంగా అనుభవించేదెవరో చెప్పే అనుభవదారు కాలమ్ వేరు, ఆ రెంటి మధ్యనే సగం జిల్లా కోర్టు మెట్లెక్కిందని చెప్పి, తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు కొట్టాడు. ఒక్కొక్కరి వాదనా విన్నాడు. మా బావమరిది పేరు ఎదురుగా అనుభవ స్వభావం దగ్గర "ఆక్రమణ" అని రాశాడు. వాడు అప్పీలుకు వెళ్తానన్నాడు. ఎవరి దగ్గరికో చెప్పలేదు.

"నాలుగంటిరే, మూడే చచ్చినాయి. నాలుగోది ఏమైంది?"

నాలుగోది లొంగిపోయింది. ఓడించినా లెక్కే కాబట్టి దాని 50 కూడా మా 200లో ఉంది. చంపడం దేనికని కూలికి పెట్టుకున్నాం. ఐదు వారాలుగా మా మూటలు మోసేది అదే, కాగడా పట్టుకునేది అదే, గుహలో దారి తెలిసింది కూడా దానికే. ఈ మాట వినగానే మంత్రగత్తె తన పుస్తకాల్లోంచి 1981 నాటి పాత రూల్స్ తీసింది. కూలికి వచ్చినవాళ్ళకు సగం వాటా అని అందులో స్పష్టంగా ఉంది. 200ని నాలుగున్నరతో భాగించాలి. మాకు తలా 44.44, గోబ్లిన్‌కు 22.22. తాను ఓడిపోయినందుకు వచ్చిన పాయింట్లలో తనకే వాటా. ఇది చెల్లదని నేను లేచాను. బావమరిది కూడా లేచాడు. ఐదు వారాల తర్వాత ఇద్దరం ఒకే వైపు నిలబడ్డాం.

మామ చెయ్యి పైకెత్తి కూర్చోమన్నాడు. "మోసేది అది. దారి చూపేది అది. గుహలో ఉండేది అది. మీరు ఆదివారం ఆదివారం వస్తా ఉండారు, పోతా ఉండారు. మీరు పట్టాదార్లు, కాదన్ను." అని, నాలుగు పేర్లూ పట్టాదారు కాలమ్‌లో రాసి, అనుభవదారు కాలమ్‌లో నాలుగు గడులూ కలిపేసి ఒకే పేరు రాశాడు. కింద సంతకం పెట్టి తేదీ వేశాడు.

డీఎం గొంతు సన్నం చేసి, గోబ్లిన్ లాగా ఒంగి, వాళ్ళ నాయన వైపు చేతులు జోడించాడు.

"పాసుపుస్తకం ఎప్పుడిస్తారు సామీ?"