దవడ సర్జరీ మీద తిరుగుతున్న ఆ ఫార్వర్డు

మళ్ళీ అదే మెసేజ్. పంపినవాళ్ళు మారతారు, అందులో ఒక్క అక్షరం మారదు: "దవడ సర్జరీ చేయించుకున్నా ఐదేళ్ళలో ముఖం మొదటికొస్తుంది. లోపలి ప్లేట్లు వదులైపోతాయి. పదిహేనేళ్ళకే చేయిస్తే ఎముక లేతగా ఉండి నిలుస్తుంది. నాలుకను అంగిలికి ఆనించి ఉంచితే అసలు సర్జరీయే అక్కర్లేదు."

ముందు ప్లేట్ల సంగతి, అంటే కోసి జరిపిన ఎముకను స్క్రూలతో బిగించే లోహపు పట్టీలు. ఎముక అతుక్కునేదాకా, అంటే 6-8 వారాలు, కదలకుండా పట్టుకోవడమే వాటి పని. ఆ తర్వాత బరువు మోసేది ఎముకే. ఏడాది పోయాక ఇన్ఫెక్షన్ వచ్చి ప్లేటు తీసేసినా దవడ ఎక్కడికీ పోదు.

నాలుకకు పెద్దవాళ్ళ దవడను 8 మిల్లీమీటర్లు జరిపే బలమే ఉంటే సర్జన్లు రంపాలు పట్టుకోవడం ఎందుకు?

"మొదటికొస్తుంది" అంటున్నారే, ఏ దవడ? ఎటు జరిపింది? ఎంత? ఇవేవీ చెప్పకపోతే ఊరి పేరు చెప్పకుండా బస్సు టైమ్ అడిగినట్టే. చిగుళ్ళు ఎక్కువ కనబడుతున్నాయని పై దవడను పైకి జరిపితే అంత గట్టిగా నిలిచే మార్పు మరొకటి లేదు. ముందుకు జరిపితే దాదాపు 80 శాతం మందిలో తేడా 2 మిల్లీమీటర్ల లోపే. అదే పై దవడను కిందికి దించితే నమిలే ఒత్తిడి మళ్ళీ పైకి నెడుతుంది. వెడల్పు చేయడం అన్నిటికంటే బలహీనం. సాగిన అంగిలి చర్మం లోపలికి లాగుతూనే ఉంటుంది, దవడ పళ్ళ దగ్గర మరీను.

కింది దవడను వెనక్కి జరిపేటప్పుడు ఒక చిక్కుంది. కోశాక చెవి వైపు ముక్క కూడా కాస్త వెనక్కి ఒరుగుతుంది. దాన్ని సరిచేయకుండా స్క్రూలు బిగించేస్తే నమిలే కండరాలు ఆ ముక్కను పాత వాలుకు లాగుతాయి, దానితోపాటే గడ్డం ముందుకొస్తుంది. ఇది తొలి నెలల్లోనే బయటపడుతుంది, ఐదేళ్ళు ఆగదు.

ఇక పదిహేనేళ్ళ సలహా. మిగతావి చదివి నవ్వుకోవచ్చు, ఇది నమ్మితే పిల్లలు బలైపోతారు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిన పిల్లాడికి పదిహేనేళ్ళకే కోసి కొలత ప్రకారం కూర్చోబెట్టారనుకోండి. ఎముక అతుకుతుంది, పెరుగుదల మాత్రం ఆగదు. ముఖంలో అన్నిటికంటే ఆలస్యంగా పెరగడం ఆపేది కింది దవడే. అబ్బాయిల్లో ఇరవై దాకా, కొందరిలో ఆ తర్వాత కూడా సాగుతుంది. కింది పళ్ళు మళ్ళీ ముందుకొచ్చేస్తాయి. "చూశారా, మొదటికొచ్చింది" అంటారు, ఇదే మెసేజ్ పంపినవాళ్ళే! అది సర్జరీ నిలవకపోవడం కాదు, పెరుగుదల. ఫలితం మాత్రం రెండో ఆపరేషన్: ఒకసారి కోసిన ఎముకలో, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పక్కనే, మళ్ళీ కోత. మీసాలొచ్చాయి కదా, పొడవు ఆగింది కదా అంటే సరిపోదు. ముఖం పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్-రేలు కనీసం 6 నెలలు, వీలైతే ఏడాది తేడాతో రెండు తీసి, ఒకదానిమీద ఒకటి పరిచి చూడాలి. కింది దవడ కదల్లేదంటేనే సర్జరీకి తేదీ. చిన్న దవడను ముందుకు తేవాల్సిన పిల్లల్లో ఇంత కచ్చితంగా ఆగక్కర్లేదు, వాళ్ళ సమస్య అధిక పెరుగుదల కాదు గనక.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. "ఐదేళ్ళు" అన్నది పూర్తిగా గాలి కబురు కాదు. కింది దవడను ముందుకు తెచ్చినవాళ్ళలో కొందరికి ఏడాది దాటాక చెవి ముందరి కీలు ఎముక, కాండైల్, అరిగి కురచవుతుంది. గడ్డం వెనక్కి పోతుంది, పై, కింది ముందు పళ్ళ మధ్య సందు తెరుచుకుంటుంది. కింది దవడ అంచు బాగా ఏటవాలుగా ఉన్న యువతుల్లో, ఎక్కువ దూరం ముందుకు తెచ్చినప్పుడు, కాండైల్ ముందే సన్నగా ఉన్నప్పుడు దీని భయం ఎక్కువ. సర్జన్ తప్పేమీ లేకుండానే జరగొచ్చు. అందుకే ఏడాదికే చూపించుకోవడం మానేయకూడదు.

"నాకు నిజంగానే వెనక్కొచ్చింది" అనేవాళ్ళు ముందు రిటైనర్ (పళ్ళు కదలకుండా పెట్టుకునే పట్టీ) ఎక్కడుందో వెతకండి. డబ్బాలో పడి ఉంటే కదిలింది పళ్ళే కావచ్చు. అది అద్దంలో తేలదు, సర్జరీ అయిన కొత్తలో తీసిన సెఫలోగ్రామ్ పక్కన ఇప్పటిది పెట్టి కొలిస్తే తేలుతుంది.